అమ్మకానికి కాని అర

విజయవాడ గవర్నరుపేటలో, ఏలూరు రోడ్డు నుంచి చీలిపోయే ఒక సన్నని వీధిలో ఆ పుస్తకాల దుకాణం ఉంది. దారిన పోయేవారికి అది గైడులూ పాఠ్యపుస్తకాలూ అమ్మే అనేక దుకాణాలలో ఒకటి. ముందున్న గాజు అలమరలో పోటీ పరీక్షల పుస్తకాలు, గుమ్మం పక్కన తాడుకు వేలాడే పంచాంగాలూ వంటల పుస్తకాలూ. నాలుగడుగులు లోపలికి వేస్తే గాని కథలూ నవలలూ కంటబడవు. పిల్లల పుస్తకాలు అంతకన్నా లోపల. వాటి వెనుక గోడకవతల ఒక గది ఉంది. ఏడాదిలో పది నెలలు ఆ గది నిండా నోటుపుస్తకాల కట్టలే. బడులు మూసిన తరువాత, తిరిగి తెరిచేలోగా మాత్రం అది ఖాళీ. పుస్తకాల వ్యాపారానికి మే నెల మూఢం వంటిది. ఆ రోజులలో శుభకార్యాలు జరగవు.

2023 మే 2వ తేదీన ఆ ఖాళీ గదిలో నాలుగు చాపలు పరిచారు. గుమ్మం దగ్గర ఒక అట్ట మీద దుకాణం యజమాని తన చేతివ్రాతతోనే ఇలా వ్రాసి కట్టారు: “వేసవి కథల శిబిరం. ఎనిమిది నుంచి పదమూడేళ్ల పిల్లలకు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా. ప్రవేశం ఉచితం.” దాని కింద, చిన్న అక్షరాలలో: “పిల్లల పుస్తకాల మీద పది శాతం తగ్గింపు.” ఈ చివరి వాక్యం ఆయన వ్యాపారం కోసం వ్రాసినది కాదు. కొనేవారికి కాస్త కలిసివస్తుందని వ్రాశారు. అయితే వ్రాసినవాడు ఒకటి తలుస్తాడు, చదివినవాడు మరొకటి గ్రహిస్తాడు. ఆ సంగతి మూడు వారాల తరువాత గాని ఆయనకు తెలియలేదు.

ఆయనకు అరవై మూడేళ్లు. దుకాణం తండ్రి చేతి నుంచి వచ్చింది. ఆయన చిన్ననాడు వేసవి సెలవులంటే ఆ దుకాణం నేలమీద బోర్లా పడుకొని చదవడమే. చెన్నపట్నం నుంచి వచ్చే ‘చందమామ’, మాస్కో నుంచి ఓడలెక్కి వచ్చే బొమ్మల పుస్తకాలు. సోవియట్ ప్రచురణ సంస్థలు ఆ పుస్తకాలను తెలుగులోనే అచ్చువేసి, పుచ్చకాయ ముక్క కొన్నంత సులువుగా కొనగల ధరకు పంపేవి. మంచు అంటే ఏమిటో ఎరగని బెజవాడ పిల్లలు మంచుబండి మీద ఊళ్లు తిరిగారు. 1991లో ఆ దేశంతోపాటే ఆ పుస్తకాలూ ఆగిపోయాయి. 1947 జూలైలో పుట్టిన ‘చందమామ’ కూడా ఇప్పుడు రావడం లేదు.

అంతకుముందు తరానికి రేడియో ఉండేది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో మద్రాసులో బాలానంద సంఘం స్థాపించి, రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా ఆటపాటలతో ఒక తరాన్ని పెంచారు. దానికీ రుసుము లేదు. తెలుగుదేశంలో పిల్లలకు ఉచితంగా ఏదైనా చేయడం కొత్త సంగతి కాదు. ఉచితమంటే సందేహించడమే కొత్త.

మొదటి రెండు రోజులలో అట్ట చదివి లోపలికి వచ్చిన పెద్దలు అడిగిన ప్రశ్నలు మూడు. సర్టిఫికెట్ ఇస్తారా? ఇంగ్లీషు నేర్పుతారా? చివర్లో ఎంత కట్టాలి? మూడింటికీ యజమాని “లేదండీ” అనే జవాబిచ్చారు. ఒక తండ్రి ఆయనవైపు జాలిగా చూసి, పిల్లవాడి చేయి పట్టుకొని వెళ్లిపోయాడు. మొదటినాడు వచ్చినది ఏడుగురు. అందులో ఇద్దరు యజమాని చెల్లెలి మనుమలు.

ఇటువంటి పని తలపెట్టడానికి ఆయనకు ఒక కారణం ఉంది. 2020, 2021 వేసవులలో దుకాణం తలుపులు తీసిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ. తరువాత తెరిచినప్పుడు, నాలుగో తరగతి చదివే ఒక పాప పుస్తకం అట్ట మీది పేరును అక్షరం అక్షరం కూడబలుక్కొని, చివరి అక్షరానికి వచ్చేసరికి మొదటిది మరచిపోయింది. తల్లి నవ్వేసి, “మావాళ్లకి తెలుగు రాదండీ” అన్నది. ఆమె నవ్వులో కొంత గర్వం కూడా ఉన్నదేమోనని ఆయనకు అనుమానం. కాని ఇది ఒక్క తెలుగుకు, ఒక్క ఊరికి సంబంధించిన జబ్బు కాదు. గ్రామీణ భారతంలో పిల్లల చదువును ఇంటింటికీ వెళ్లి పరీక్షించే ‘అసర్’ నివేదిక ప్రకారం, అయిదో తరగతి పిల్లలలో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 2018లో నూటికి 50.5 మంది. 2022లో 42.8 మంది. బడి మూతబడితే చదువు నిలిచిపోదు, వెనక్కి నడుస్తుంది.

మామూలు వేసవి సెలవులు కూడా చిన్నపాటి మూతే కదా! అమెరికాలో బార్బరా హేన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త అట్లాంటా నగరపు పిల్లలను పరిశీలించి 1978లో ఒక గ్రంథం ప్రచురించింది. బడి నడిచే రోజులలో బీద పిల్లలూ కలిగిన పిల్లలూ ఇంచుమించు ఒకే వేగంతో నేర్చుకుంటున్నారు. వారి మధ్య దూరం పెరిగేది ముఖ్యంగా వేసవిలో. సెలవులలో ఎన్ని పుస్తకాలు చదివారన్నది ఆ దూరాన్ని తగ్గించే వాటిలో ప్రధానమైనదని ఆమె తేల్చింది. పుస్తకాల దుకాణదారు ఈ గ్రంథం చదవలేదు. ఆయనకు తెలిసినదల్లా ఖాళీ గది ఒకటి ఉన్నదని, పిల్లలు ఇళ్లలో కూర్చొని ఫోన్లు చూస్తున్నారని.

శిబిరంలో జరిగేదేమిటంటే, ముందు కథ. దుకాణానికి పాత ఖాతాదారు, మునిసిపల్ పాఠశాలలో పనిచేసి విరమించిన టీచరమ్మ ఒకరు ఆ భారం తీసుకున్నారు. ఆమె పద్ధతి గుజరాతులో గిజూభాయి బధేకా చూపినదే. న్యాయవాద వృత్తిలోంచి విద్యారంగానికి వచ్చి, 1920లో భావనగర్‌లో బాలమందిరం నెలకొల్పిన ఆ మహనీయుడు, అల్లరి తరగతిని దారికి తేవడానికి బెత్తం కన్నా కథ మేలని చెప్పాడు. కథ సగంలో ఆపి రేపు చెబుతానంటే, రేపు రానివాడెవడు? టీచరమ్మ రోజూ ఆ సగంలోనే ఆపేవారు. అయిదో రోజుకు పిల్లలు పద్దెనిమిది మంది అయ్యారు. రెండో వారానికి ఇరవై ఆరు. చాపలు చాలక, పాత క్యాలెండర్ల కట్టలు విప్పి పరిచారు.

కథ తరువాత చేతిపని. ఖర్చు లేనిది కావాలి గనుక పాత దినపత్రికలే సరంజామా. కాన్పూర్ ఐ.ఐ.టి.లో చదివి, మోటారు వాహనాల కర్మాగారంలో ఉద్యోగం చేసి, ఆ తరువాత జీవితమంతా పిల్లలకు చెత్త నుంచి బొమ్మలు చేయడం నేర్పిన అరవింద్ గుప్తా పుస్తకాలు తెలుగులో కూడా ఉన్నాయి. వాటిలోని కాగితపు టోపీలను పిల్లలు రెండు రోజులు విడవకుండా చేశారు. మూడో రోజు వీధిలోని పండ్ల బండ్ల వాళ్ల నెత్తిమీద కూడా టోపీలు కనబడ్డాయి. ఒకనాడు కొండపల్లి నుంచి బొమ్మల పనివాడు ఒకాయన వచ్చి, తెల్లపొణికి కర్ర ముక్కను అందరి చేతులకూ ఇచ్చి బరువు చూడమన్నాడు. కర్ర ఇంత తేలికగా ఉంటుందా అని పిల్లలు ఒకరి అరచేతిలోంచి ఒకరి అరచేతిలోకి మార్చుకున్నారు. చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో ఆయన దశావతారాలలోని ఒక తాబేలుకు కాళ్లు అతికిస్తూ ఉంటే, గదిలో ఫంకా చప్పుడు తప్ప మరొకటి వినబడలేదు.

ఇక్కడ ఒక పిల్లవాణ్ణి గురించి చెప్పాలి.

దుకాణానికి ఎదురుగా, వేపచెట్టు నీడన ఒక చెరుకు రసం బండి ఉంటుంది. బండివాడి కొడుక్కి పదకొండేళ్లు. అయిదు పూర్తిచేసి ఆరులోకి వెళ్లాలి. సెలవులలో తండ్రికి సాయంగా గ్లాసులు కడగడం, చెరుకు పిప్పి ఎత్తిపోయడం వాడి పని. ఆ ఏడు మే నెల ఆరంభంలో కోస్తాలో అకాల వర్షాలు కురిశాయి. కల్లాల్లో మిరపకాయలూ ధాన్యమూ తడిసి రైతులు గోలపెట్టిన రోజులవి. చల్లగాలికి చెరుకు రసం ఎవరు తాగుతారు? బండి దగ్గర పని లేదు. కాబట్టి ఆ పిల్లవాడు దుకాణం గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విప్పి, లోపలికి మాత్రం రాకుండా ద్వారబంధానికి ఆనుకొని కథ వినేవాడు. యజమాని రెండుసార్లు “లోపలికి రారా” అన్నారు. వాడు నవ్వి, ఒక అడుగు వెనక్కి వేశాడు. మూడోసారి ఆయన పిలవలేదు. రమ్మంటే పోయేవాణ్ణి ఉన్నచోట ఉండనివ్వడమే మంచిదనుకున్నారు.

ఒకనాడు టీచరమ్మ రాలేదు. యజమానే ఒక అనువాద కథ తీసుకొని చదవసాగారు. ముప్ఫై రెండు పేజీల బొమ్మల పుస్తకం; చలిదేశపు ఎలుగుబంటి ఒకటి శీతకాలమంతా గుహలో పడుకొని, వసంతంలో లేచి చూసేసరికి అడవి మారిపోయి ఉంటుంది. అనువాదకుడెవరో గాని నాలుగో పేజీలో “శీతాకాల సుప్తావస్థ” అని వ్రాశాడు. తప్పు మాట కాదు. శాస్త్ర గ్రంథంలో అయితే నిలుస్తుంది. కాని ఎనిమిదేళ్ల పిల్లలు చాప మీద కూర్చొని వింటుండగా, పైకి చదివేవాడి నాలుక ఆ మాట దగ్గర రాయి తగిలిన బండిచక్రంలా ఆగింది. “అంటే ఏమిటి తాతగారూ?” అని ఒక పాప అడిగింది. ఆయన, “అంటే... చలికాలంలో చాలారోజులు నిద్రపోవడమమ్మా” అన్నారు. “చాలారోజులంటే ఎన్ని?” “నెలల తరబడి.” “మధ్యలో లేవదా?”

గుమ్మం దగ్గర నుంచి వాడు అన్నాడు: “మొద్దు నిద్రండీ.”

గది ఘొల్లుమన్నది. ఆ నవ్వు వెటకారం కాదు. అందరికీ ఒక్కసారిగా ఎలుగుబంటి కళ్ల ముందుకు వచ్చింది. యజమాని జేబులోని పెన్సిలు తీసి, “సుప్తావస్థ” పక్కన అంచులో “మొద్దు నిద్ర” అని వ్రాసుకొని, మిగతా కథంతా ఆ మాటతోనే చదివారు. అమ్మే పుస్తకంలో ఆయన వ్రాయడం అదే మొదలు. అనువాదమనే విద్యను గురించి పెద్దపెద్ద చర్చలు జరుగుతూ ఉంటాయి. మాట కోసం నిఘంటువులో వెదకడానికి ముందు గుమ్మంలో నిలబడినవాణ్ణి అడగాలని ఆ చర్చలలో అంతగా వినబడదు.

ఆ మరునాడు వాడు లోపలికి వచ్చి చాప చివర కూర్చున్నాడు. తెలుగు వాడికి బాగా వచ్చు. ప్రభుత్వ బడులలో ఆ సంవత్సరాలలో ఇచ్చిన పాఠ్యపుస్తకాలకు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. వాడు ముందు తెలుగు పేజీ చదివి, తరువాత ఇంగ్లీషు పేజీ మీద కన్ను వేసేవాడట. కాన్వెంటు పిల్లలు తెలుగు దగ్గర తడుముకుంటే వాడు నెమ్మదిగా అందించేవాడు. తన పక్కన కూర్చున్న తొమ్మిదేళ్ల పాపకు వత్తులు ఎక్కడ పలకాలో వేలుపెట్టి చూపించేవాడు. ఆ వేలికి చెరుకు రసం జిగట ఉండేది. పుస్తకాలకు మరకలవుతున్నాయని పాప తల్లి ఒకసారి అన్నది. యజమాని బకెట్టు నీళ్లూ సబ్బూ గుమ్మంలో పెట్టించి, పిల్లలందరినీ చేతులు కడుక్కొని రమ్మన్నారు.

మే మూడో వారానికి ఎండలు ముదిరాయి. ఇక రోహిణి కార్తె వస్తే రోళ్లు పగులుతాయంటారు. బెజవాడలో రోహిణి కోసం ఆగనక్కర లేదు. ఇంద్రకీలాద్రి కొండరాళ్లు రాత్రి కూడా సెగలు కక్కుతాయి. ఉదయం తొమ్మిదింటికే చెరుకు బండి చుట్టూ జనం. పిల్లవాడికి ఊపిరాడని పని. కథ మొదలయ్యే వేళకు వాడు గ్లాసులు కడుగుతూ దుకాణం వైపు చూసేవాడు. శిబిరం ముగిశాక, రెండు మూడు నిమిషాలు లోపలికి పరుగెత్తుకొచ్చి, ఆనాటి పుస్తకం తిరగేసి వెళ్లేవాడు.

శుక్రవారం సాయంత్రం లెక్క చూసుకుంటే ఎలుగుబంటి పుస్తకం కనబడలేదు.

అరల వెనుక వెదికారు. చాపలు దులిపారు. మరునాడు ఉదయం ఈ వెదుకులాట చూసి, ఆ పాప తల్లి ఎవరూ అడగకుండానే, “నేను ముందే అనుకున్నానండీ” అన్నది. ఏమనుకున్నదో చెప్పలేదు. చెప్పనక్కర లేకుండా ఎదుటి బండి వైపు చూసింది. టీచరమ్మ వెంటనే కథ అందుకున్నారు. ఆ రోజు బండి దగ్గర పిల్లవాడు లేడు. తండ్రి ఒక్కడే గానుగ తిప్పుతూ, గ్లాసులు కడుక్కుంటూ సతమతమవుతున్నాడు. ఆదివారం దుకాణానికి సెలవు. సోమవారం, మంగళవారం కూడా పిల్లవాడు రాలేదు.

యజమాని బండివాణ్ణి ఏమీ అడగలేదు. మంచితనమని చెబితే సగమే నిజం. అడిగితే, “నీ కొడుకు దొంగ” అన్నట్లవుతుంది. ఆ తండ్రి నలుగురిలో కొడుకుని కొడతాడు. అడగకపోతే, తన గదిలోని ఇరవై ఆరుగురు పిల్లలూ మనసులో వాడికి ఆ పేరు పెట్టేసుకుంటారు. రెండింటికీ ఆయన దగ్గర మందు లేదు. పుస్తకం ధర అరవై రూపాయలు. ఆయన మనసులో తిరిగింది ఆ అరవై రూపాయలు కాదు. వాడు ఇక గుమ్మం ఎక్కడన్నదే.

ఇంట్లో భార్య మాత్రం సూటిగా అడిగింది: “ఏమండీ, ఆ అట్ట మీద ఉచితమని వ్రాశారు. ఏది ఉచితం?”

“వచ్చి వినడం.”

“విన్నాక?”

ఆయన జవాబు చెప్పలేదు.

బుధవారం పొద్దున్న ఆయన షట్టరు ఎత్తుతుంటే పిల్లవాడు వెనుక నిలబడి ఉన్నాడు. చేతిలో ఎలుగుబంటి పుస్తకం. దానికి దినపత్రిక కాగితంతో నీటుగా అట్ట వేసి, మీద ఇంకు పెన్నుతో కథ పేరు వ్రాసి ఉంది.

“చెల్లికి ఆటలమ్మ పోసిందండీ. అమ్మ పనికి పోతే నేను ఇంటికాడ ఉన్నా. మూడుసార్లు చదివి వినిపించా.”

“మంచిదేరా. అడిగి తీసుకుపోవచ్చుగా?”

వాడు కాసేపు నేల చూశాడు. “అడిగితే కొనాలంటారనుకున్నానండీ. బోర్డు మీద పది శాతం తగ్గింపని ఉంది గదా!” ఆగి, మళ్లీ అన్నాడు: “నా మాట అందులో ఉందని చెల్లి నమ్మలేదండీ. చూపించా.”

పుస్తకం ఇక అమ్మకానికి పనికిరాదు. అంచున పెన్సిలు వ్రాత, రెండు పేజీల మధ్య వేపాకు, చివరి బొమ్మ మీద పసుపు వేలిముద్ర. యజమాని భార్య ఆ పుస్తకాన్ని మేడమీద ఎండలో ఒక పూట పెట్టి తెచ్చింది. ఎండ వల్ల లాభమేమిటో వైద్యులు చెప్పాలి. ఆమెకు అలా తోచింది. తెచ్చి, ఇంట్లో ఊరగాయ జాడీలు పెట్టుకొనే కొయ్య అరను ఖాళీ చేసి, బండి మీద దుకాణానికి పంపింది.

ఆ అరలో మొదటి పుస్తకంగా ఎలుగుబంటి నిలబడింది. దాని పక్కన అట్ట చిరిగినవి, ఎండకు వెలిసినవి, ప్రచురణకర్తలు మాదిరిగా పంపినవి, ఏళ్ల తరబడి అమ్ముడుపోనివి వెదికి పెడితే ముప్ఫై నాలుగు అయ్యాయి. అర మీద ఒక చీటీ: “ఇవి అమ్మకానికి కావు. ఇంటికి తీసుకువెళ్లి చదివి తెచ్చి ఇవ్వవచ్చు.” పక్కన దారంతో కట్టిన ఒక నోటుపుస్తకం, పెన్సిలు. పేరు, పుస్తకం, తేదీ ఎవరిది వారే వ్రాసుకోవాలి. పూచీకత్తు లేదు, జరిమానా లేదు. మొదటి పేరు యజమాని చెప్పగా చెరుకు బండి పిల్లవాడు వ్రాశాడు. తీసుకున్న తేదీ గడిలో గడిచిన శుక్రవారం తేదీ, ఇచ్చిన తేదీ గడిలో ఆ బుధవారం తేదీ వేయించారు. ఇరవై ఆరుగురు పిల్లలూ ఆ పేజీ చూశారు. పాప తల్లి కూడా చూసింది. రెండో పేరు ఆమె కూతురిది.

ఆయన చేసినది కొత్త పని కాదు. ఆ ఊరి గాలిలో ఉన్నదే. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టినది ఆ బెజవాడలోనే. అయ్యంకి వెంకటరమణయ్య తన జీవితమంతా ధారపోసినది ఊరూరా పుస్తకం చేర్చడానికే. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో పుస్తకాల పెట్టె పెట్టి, ప్రయాణికులకూ ఒడ్డున ఉన్నవారికీ అందించాడు. చదివేవాడు పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే బయలుదేరాలని ఆ పెద్దలు ఎరుగుదురు. నేటికీ జిల్లా గ్రంథాలయాలు వేసవిలో పిల్లలకు ఉచిత విజ్ఞాన శిబిరాలు నిర్వహిస్తూనే ఉన్నాయి. అక్కడ కూడా రద్దీ కథ దగ్గరా బొమ్మల దగ్గరా ఉంటుంది. సభ్యత్వం కార్డు మీద ఇంటికి వెళ్లే పుస్తకాలను లెక్కపెట్టేవారు తక్కువ.

ఆ ఇంటికి వెళ్లే పుస్తకమే అసలు సంగతి అనడానికి ఆధారం ఉంది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో రిచర్డ్ ఆలింగ్టన్, ఆన్ మెక్‌గిల్ ఫ్రాంజెన్ అనే ఇద్దరు ఆచార్యులు తమ సహచరులతో కలిసి, బీద పిల్లలు ఎక్కువగా చదివే బడులను ఎంచుకొని ఒక ప్రయోగం చేశారు. సెలవులు వస్తున్నాయనగా పుస్తకాల సంత పెట్టి, ఒక్కొక్కరికి నచ్చిన పన్నెండు పుస్తకాలు ఎన్నుకోమన్నారు. అవి వారి సొంతం. పాఠాలు లేవు, పరీక్షలు లేవు, చేతిపనులు కూడా లేవు. ఇలా వరుసగా మూడు వేసవులు. ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. పుస్తకాలు అందిన పిల్లలు అందనివారికన్నా పఠనంలో స్పష్టంగా ముందున్నారు. అందరిలోకీ నిరుపేదలైన వారిలో ఆ మేలు మరింత కనబడింది. ఇక్కడ గమనించవలసినది పన్నెండు అనే అంకె కాదు, ఎన్నుకున్నది పిల్లలే అన్న విషయం. పెద్దలు ఎంచిన నీతికథ ఇంటికి వెళితే బల్ల మీద ఉంటుంది. పిల్లవాడు ఎంచిన ఎలుగుబంటి మూడుసార్లు చదవబడుతుంది.

ఇదంతా చదివి, పుస్తకాల దుకాణాలన్నీ ఇలా చేయవచ్చు గదా అని పాఠకులకు తోచవచ్చు. తోచడం సులువు. వంద రూపాయల పుస్తకం అమ్మితే ఆ దుకాణానికి మిగిలేది పాతిక, ముప్ఫై. అందులోంచి అద్దె, కరెంటు, పనివాడి జీతం. మే నెలంతా ఆ వెనుక గదిలో రెండు ఫంకాలూ ఒక కూలరూ తిరిగాయి. నెలాఖరుకు వచ్చిన బిల్లు చూసి యజమాని కళ్లద్దాలు సరిచేసుకున్నారు. పిల్లల పుస్తకాల అమ్మకం పెరిగిందా అంటే కొద్దిగా పెరిగింది. బిల్లు దాటేటంత కాదు. హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగం చేసే కూతురు, “నాన్నా, ఇంకెన్నాళ్లు?” అని ఫోనులో అడిగింది. ఒక సెల్‌ఫోన్ల కంపెనీ ఏజెంటు దుకాణం అద్దెకు అడుగుతున్నాడు. అతడిస్తానన్నది ఆయన నెలకు సంపాదించేదానికన్నా ఎక్కువ. కూతురు అన్నదాంట్లో స్వార్థం లేదు; తండ్రి మోకాళ్ల నొప్పులు ఆమెకు తెలుసు. ఆయన, “ఈ పిల్లల సెలవులు కానీ అమ్మా” అన్నారు. ఉచితంగా ఇచ్చినదానికి ఎవరో ఒకరు వెల కడుతూనే ఉంటారు. ఇక్కడ కట్టినది ఆయన.

జూన్ మొదటి వారంలో నోటుపుస్తకాల లారీ వచ్చింది. చాపలు చుట్టేశారు. గది మళ్లీ కట్టలతో నిండిపోయింది. కొయ్య అర ఎక్కడ పెట్టాలన్నది సమస్య అయింది. లోపల చోటు లేదు. చివరకు పోటీ పరీక్షల అలమరను ఒక మూర పక్కకు జరిపి, గుమ్మం పక్కనే, వీధిలోంచి చేయి చాపితే అందేటట్లు పెట్టారు. పంచాంగాల తాడు కొంచెం పైకి కట్టవలసి వచ్చింది. ఆ నెలలో దుకాణానికి ఊపిరాడని పని. జూన్ 12న బడులు తెరిచాక, పాఠ్యపుస్తకాల కోసం తోసుకొనే జనం మధ్య నుంచి పిల్లల చేతులు అర దాకా రావడం, వెళ్లిపోవడం యజమాని గల్లాపెట్టె దగ్గర నుంచి చూస్తూ ఉండేవారు. లేచి వెళ్లి పలకరించే తీరిక ఉండేది కాదు.

2024 వేసవిలో మళ్లీ చాపలు పరిచారు. ఈసారి అట్ట మీద పది శాతం మాట లేదు. సెల్‌ఫోన్ల ఏజెంటుకు ఆయన ఇంకా సమాధానం ఇవ్వలేదు. ఇవ్వనని కూడా చెప్పలేదు. చెరుకు బండి పిల్లవాడు ఒక చేయి ఎత్తు పెరిగాడు. ఈసారి వాడి వెంట చెల్లెలు కూడా వచ్చింది. బుగ్గ మీద ఆటలమ్మ మచ్చలు రెండు మిగిలాయి. ఎండ ముదిరిన రోజులలో అన్న గ్లాసులు కడుగుతుంటే ఆ పిల్ల చాప మీద ముందు వరుసలో కూర్చొని కథ విని, పదకొండింటికి వెళ్లి అన్నకు చెప్పేది. సగంలో ఆగిన కథను తన సొంత ముగింపుతో పూర్తిచేసి చెప్పేదని, మరునాడు అసలు ముగింపు విని ఇద్దరూ పోట్లాడుకొనేవారని టీచరమ్మ అన్నారు.

మే నెల చివరి శనివారం సాయంత్రం యజమాని, ఆయన భార్య అర ముందు కూర్చొని దారం కట్టిన నోటుపుస్తకం తిరగేశారు. రెండు వేసవులకూ కలిపి అది దాదాపు నిండిపోయింది. కొన్ని పేర్లు గుండ్రంగా, కొన్ని వంకరగా. ఒకచోట పేరుకు బదులు బొమ్మ. ఇచ్చిన తేదీ గడి ఖాళీగా ఉన్నవి ఆరు. భార్య వేలితో ఒక్కొక్కటీ చూపిస్తూ, “వీటిని అడగరా?” అన్నది.

ఆయన నోటుపుస్తకం మూసి, పెన్సిలును దారానికి మళ్లీ కట్టారు.

“బడులు ఇంకా తెరవలేదుగా” అన్నారు.